మాల తీసిన సాయంత్రం

ఎన్నో ఇళ్లలో జరిగిన దాన్ని ఒకే ఇంటి కథగా కూర్చి రాస్తున్నాను. అందుకే ఇందులో పేర్లు లేవు. తేదీలు, ప్రభుత్వాల నిర్ణయాలు, వైద్యం సంగతులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

2020 మార్చి ఆఖరి వారం. గురజాల వైపు ఒక ఊరి కల్లంలో మిరపకాయలు పరిచి ఉన్నాయి. లాక్‌డౌన్‌తో గుంటూరు యార్డు మూతపడింది. లారీలు తిరగడం లేదు. కాయ గలగలలాడేలా ఎండినా కొనే నాథుడు లేడు. కాపలాకి మంచం వేసుకుని అతను అక్కడే పడుకుంటున్నాడు. నలభై రెండేళ్ల కౌలు రైతు. వైన్ షాపులు మూసి మూడు రోజులైంది. బెల్టు షాపులో దాచిన సరుకూ అయిపోయింది.

మొదటి రోజు చేతులు వణికాయి. రెండో రోజు కంటిమీద కునుకు లేదు, ఒళ్లంతా చెమటలు. మూడో రోజు అర్ధరాత్రి కర్ర తీసుకుని మిరపకుప్ప మీద పడ్డాడు.

"పాములు! కుప్పనిండా పాములే!"

కేకలు విని బామ్మర్ది పరిగెత్తుకొచ్చాడు. "బావా, అయ్యి కాయలు. యాడున్నయ్ పాములు?"

"నీకు కనపడట్లేదంట్రా? అదుగో, నీ కాళ్ల దగ్గరే!"

ఘాటు లేచి కళ్లు మండుతున్నా, నీళ్లు ధారగా కారుతున్నా కర్ర వదల్లేదు. కాసేపటికి అలసి కూలబడి, అరచేతుల మీద ఏవో పాకుతున్నట్టు రెండు చేతులూ ఒకదానితో ఒకటి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఆ తుడుచుకోవడం ఆగలేదు. అరచెయ్యి చర్మం లేచిపోయింది.

తల్లి గాలి సోకిందంది, దర్గాకి తీసుకెళ్దామంది. ఊళ్లో ఆర్‌ఎంపీ నరాల బలహీనత అన్నాడు, గ్లూకోజు సీసా ఎక్కిస్తే సర్దుకుంటుందన్నాడు. భార్య మాత్రం పట్టుబట్టింది. "మూడు రోజుల నుంచి తాగలేదు. అప్పుడే మొదలైంది ఇదంతా. నాకు తెలుసు. పేటకి తీసుకెళ్దాం పా." పల్నాడులో పేట అంటే నరసరావుపేటే. చెక్‌పోస్టు దగ్గర పోలీసులు బండి ఆపారు. వెనక సీట్లో తాళ్లతో కట్టి ఉన్న మనిషిని చూసి మాట్లాడకుండా వదిలేశారు.

ఆస్పత్రిలో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న: "చివరిసారి ఎప్పుడు తాగాడమ్మా?"

ఆ ప్రశ్నే అతని ప్రాణం కాపాడింది. ఏళ్ల తరబడి రోజూ పొద్దున్నే మందు పడితే తప్ప లేవలేని మనిషికి ఒక్కసారిగా ఆపేస్తే ఏమవుతుందో మన ఊళ్లలో చాలామందికి తెలియదు. మద్యం మెదడుని మందగింపజేస్తుంది. దానికి ఎదురొడ్డి మెదడు తన వేగం పెంచుకుంటుంది. ఎదురుగాలికి వంగి నడిచేవాడు గాలి ఆగిన క్షణాన ముందుకి పడ్డట్టు, మందు ఆగగానే ఆ వేగం అదుపు తప్పుతుంది. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి చలించి, లేనివి కనిపించే దశ రావచ్చు. దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే మనిషి చనిపోవచ్చు. ముందుగా ఆస్పత్రికి వెళితే మెదడుని నెమ్మదింపజేసే మాత్రలిచ్చి, రోజురోజుకీ మోతాదు తగ్గిస్తూ వారం పది రోజుల్లో గండం దాటిస్తారు.

నర్సు ముందు బి1 విటమిన్ ఇంజెక్షన్ ఇచ్చింది, తర్వాతే గ్లూకోజు సీసా తగిలించింది. ఏళ్ల తరబడి తాగేవాళ్ల ఒంట్లో బి1 తరచుగా అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చైపోయి మెదడు శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదం ఉంది. ఊళ్లో ఆ సీసా ఎక్కించనివ్వకుండా బయల్దేరదీసినందుకు భార్యని డాక్టరు మెచ్చుకున్నాడు. ఆమెకి ఆ మెచ్చుకోలు వినే ఓపిక లేదు.

ఆస్పత్రి గుమ్మం దాకా రావడమే చాలామందికి కుదరదు. దేశవ్యాప్త సర్వే ఫలితాలు 2019లో వచ్చాయి. మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందుతోందని అందులో తేలింది. మద్యంతో సమస్యలున్నవాళ్లు పది శాతానికి పైగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటని కూడా అదే సర్వే చెప్పింది.

ఇంటికి తిరిగొచ్చాక మానేశాడనే అనుకున్నారు అందరూ, తల్లి తప్ప. ఆమె చూసిన కథ ఇది. ఆమె మొగుడు సారా మనిషి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్లు, రోశమ్మ ముందు నడవగా, సారా దుకాణం మూయించారు. ఆ గాలి రాష్ట్రమంతా వీచింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1994 డిసెంబరులో ఎన్టీఆర్ ప్రమాణ స్వీకారం రోజునే మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టాడు, 1995 జనవరి 16 నుంచి అది అమలైంది. 1997లో ఎత్తేశారు.

"గవర్మెంటు మూస్తే మీ నాయన మానాడు," అంది ఆమె కొడుకుతో. "గవర్మెంటు తెరిస్తే తాగాడు. మజ్జెలో ఆయన చేసిందేం లేదు. నువ్వూ అంతేరా అబ్బాయ్."

ఆ ఆడవాళ్ల పోరాటాన్ని నేను తక్కువ చెయ్యను. ఆ నిషేధం ఉన్న రెండేళ్లూ దెబ్బలు తినకుండా కడుపునిండా అన్నం తిన్న పిల్లలు వేలమంది ఉన్నారు. కానీ ఆ తల్లి మాటలో నాకు వినిపించేది వేరు. బయటివాళ్లు ఆపితే మనిషి ఆగుతాడు. ఆగాక ఆ ఖాళీ సాయంత్రంలో ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు.

2020 మే 4న షాపులు తెరిచారు. రెండు రోజుల్లో ధరలు 75 శాతం పెరిగాయి. ఎర్రటి ఎండలో బారులు తీరిన క్యూల్లో అతనూ ఉన్నాడు. చేతిలో డబ్బు లేనప్పుడు పొందుగల వంతెన మీదుగా తెలంగాణ నుంచి దొంగచాటుగా వచ్చే సరుకు అరువుకి దొరికేది. జూలై చివర కురిచేడు వార్త వచ్చింది. వినుకొండ దాటాక గుంతకల్లు లైన్లో వచ్చే ఊరది. కరోనా కట్టడిలో షాపులు మూసేస్తే కూలీలు, యాచకులు శానిటైజర్‌ని నీళ్లలో, కూల్‌డ్రింకుల్లో కలుపుకుని తాగారు. పదిమందికి పైగా చనిపోయారు. ఆ రాత్రి భార్య ఇంట్లో ఉన్న శానిటైజర్ సీసా దొడ్లో పారబోసింది. అతను చూశాడు. ఏమీ అనలేదు.

అదే రోజుల్లో ఎవరో ఆమెకి సలహా చెప్పారు: కూరలో కలిపే పొడి ఉంది, మొగుడికి తెలియకుండా పెట్టు, మానేస్తాడు. ఆమె డాక్టరుకి ఫోన్ చేసి అడిగింది. డాక్టరు గట్టిగా కోప్పడ్డాడు. ఆ మందు పేరు డైసల్ఫిరామ్. మద్యం మాన్పించడానికి అది పనికొస్తుందని 1940ల చివర్లో డెన్మార్క్‌లో కనిపెట్టారు. అది ఒంట్లో ఉండగా తాగితే మొహం కందిపోయి, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. తెలిసి, ఒప్పుకుని, డాక్టరు కనిపెట్టుకుని ఉండగా వేసుకునేవాడికి అది ఆసరా. తెలియకుండా పెడితే విషంతో సమానం. "అతన్నే తీసుకురామ్మా," అన్నాడు.

కార్తీకంలో అతను అయ్యప్ప మాల వేస్తానన్నాడు. ఊరు నవ్వింది. ఎందుకంటే అతను ఏటా వేసేవాడే. నలభై ఒక్క రోజులూ చుక్క ముట్టడు. మాల తీసిన సాయంత్రమే బావిగట్టు దగ్గర పార్టీ. ఒక్కసారీ తప్పలేదు.

ఈసారి మాత్రం మాలకి ముందు ఆస్పత్రికి వెళ్లాడు. మళ్లీ పాములు కనిపిస్తాయన్న భయం అతన్ని పేట బస్సెక్కించింది. వారం రోజులు మాత్రలు వాడి, ఒళ్లు కుదుటపడ్డాకే గురుస్వామి దగ్గర మాల వేయించుకున్నాడు. మధ్యలో నల్లబట్టల్లోనే డాక్టరు దగ్గరికి వెళ్లాడు.

"కూర్చో స్వామీ. ఇన్ని రోజులు ఎట్టా ఉండగలిగావు?"

"అయ్యప్ప దయ సారూ."

"సరే, ఆయన దయే. ఏ టైముకి ఆ దయ బాగా పనిచేస్తోంది?"

అతను చాలాసేపు ఆలోచించాడు. "సాయంత్రం ఆరింటికి సారూ. ఆ టైముకి పీఠం దగ్గర ఉంటాం. భజన. ఎనిమిదింటికి అయిపోయేసరికి ఆకలి. తింటే నిద్ర."

"మాల తీశాక ఆరింటికి ఎక్కడుంటావు?"

దానికి అతని దగ్గర జవాబు లేదు. ఇంటికెళ్లి భార్యని అడిగాడు. పెళ్లయ్యాక అతను ఒక ప్రశ్న తెచ్చి ఆమె ముందు పెట్టడం అదే మొదలు.

డిసెంబరు చివర్లో మాల తీసిన రోజు మధ్యాహ్నమే అతను అన్నాడు: "నన్ను మీ అమ్మగారింటికి తీసుకుపో." మాచర్ల. డిసెంబరు 31 రాత్రి ఊరంతా కేకు కోసి సీసాలు విప్పుతుంటే అతను అత్తగారింటి వరండాలో దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. ఫోను అత్తగారి బియ్యం డబ్బాలో పెట్టేశారు. ఇల్లరికం పోయాడని ఊళ్లో చెప్పుకున్నారు.

ఆ ఎండాకాలం కాయ అమ్మిన డబ్బులతో బర్రెని కొన్నాడు. ఆలోచన భార్యది. బర్రె ఒక చేతికి అలవాటు పడితే ఇంకో చేతికి సరిగ్గా చేపదు. సాయంత్రం అయిదున్నరకి అతను దూడని వదిలి, అది నాలుగు గుక్కలు తాగాక లాగి కట్టేసి, గొంతుకూర్చుని పొదుగు కడిగి, వేళ్లకి కాస్త నూనె రాసుకుని పిండాలి. ఆరుంపావుకి పాలకేంద్రం. అక్కడ క్యాను చేతికిచ్చి, వెన్నశాతం చూసి చీటీ రాసేదాకా నిలబడాలి. చెయ్యి వణికితే పాలు ఒలుకుతాయి, నలుగురూ చూస్తారు. ఇంటికొచ్చేసరికి ఏడు దాటుతుంది. మాల ఇచ్చిన ఆ రెండు గంటల్నీ మాల లేకుండా నిలబెట్టింది ఆ బర్రె.

ఇది అందరికీ మందు అని చెప్పడం లేదు. అతనికి తోడైన రెంటచింతల లారీ డ్రైవరు ఒకాయన ఉన్నాడు. ఆయన బాప్తిస్మం తీసుకుని మానాడు, ఆదివారాలు చర్చిలో గడుపుతాడు. ఇద్దరూ ఆస్పత్రి బల్ల మీద కలిశారు. ఒకరి దేవుడి జోలికి ఒకరు పోరు. మనసు లాగినప్పుడు మాత్రం ఒకరికొకరు ఫోన్ చేసుకుంటారు. 1935లో అమెరికాలోని ఏక్రన్ ఊళ్లో జరిగిందీ ఇలాంటిదే. వ్యాపారం చెడి, హోటల్లో ఒంటరిగా మిగిలిన బిల్ విల్సన్, బార్‌లోకి వెళ్లాల్సిన కాళ్లని ఆపుకుని, తనలాంటి తాగుబోతు ఇంకెవరైనా ఉన్నారా అని ఫోన్లు చేశాడు. అలా దొరికిన సర్జన్ బాబ్ స్మిత్‌తో కలిసి మొదలుపెట్టిందే ఆల్కహాలిక్స్ అనానిమస్. వాళ్లకీ ముందు కుదిరింది ఒకరి గోడు ఒకరు వినడమే.

2022 శివరాత్రికి అతను జారాడు. కోటప్పకొండ తిరునాళ్లు, ప్రభల వెలుగు, పాత జట్టు. తెల్లారేసరికి చొక్కాకి మట్టి, నోట్లో చేదు. ఇదివరకైతే "ఎట్టాగూ తాగాను గదా" అన్న ఒక్క మాట మీద రెండు నెలలు నడిచేవి. ఈసారి లారీ డ్రైవరుకి ఫోన్ చేశాడు.

"రాత్రి తాగాను."

"పొద్దున తాగావా?"

"లేదు."

"అయితే రాత్రితో అయిపోయింది. ఇంటికి పో. పాలు పిండే టైమైంది."

భార్య ఆ రోజంతా మాట్లాడలేదు. ఆ తర్వాత కూడా చాన్నాళ్లు అతను గుమ్మం దాటి లోపలికి వస్తుంటే ఆమె ముక్కు తనకి తెలియకుండానే వాసన పట్టేది. అతను బాధపడేవాడు. మానేశాను కదా, ఇంకా నమ్మరేంటి అని చాలామంది మగవాళ్లకి కోపం వస్తుంది. పాతికేళ్ల అనుమానం ఏడాదిలో పోవాలనడం అన్యాయం. నమ్మకుండా ఉండడం ఆమె హక్కు. అతను ఆ హక్కుని ఒప్పుకుని, అడగకుండానే పాల చీటీ, డబ్బులు ఆమె చేతిలో పెట్టడం మొదలుపెట్టాడు.

2024 అక్టోబరులో రాష్ట్రంలో ప్రైవేటు మద్యం షాపులు మళ్లీ వచ్చాయి. 99 రూపాయల క్వార్టరూ వచ్చింది. పాలకేంద్రానికి వెళ్లే దారిలోనే ఒక షాపు వెలిసింది. అతను చెరువుకట్ట మీదుగా చుట్టూ తిరిగి వెళ్తున్నాడు. కిలోమీటరు ఎక్కువ నడక. దాన్ని దాచుకోడు, ఎవరైనా అడిగితే కారణం చెబుతాడు.

మొన్నీమధ్య పక్కూరి నుంచి ఒకావిడ వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అన్నా, నీకు ఏం మందు పెట్టారో చెప్పు, మా ఆయనకీ పెడతా" అంది.

"పొద్దున్నే తాగుతాడా అమ్మా? తాగకపోతే చేతులు వణుకుతాయా?"

"వణుకుతాయన్నా. రేపట్నుంచి ఇంట్లో పెట్టి తాళం వేస్తే?"

"తాళం వెయ్యమాక. ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదకొస్తది." భార్య లోపల్నుంచి ఒక చీటీ తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. దాని మీద రెండు నంబర్లు: 14416 టెలి మానస్, 14446 వ్యసన విముక్తి హెల్ప్‌లైన్. "రాత్రి భయమేస్తే 14416కి ఫోన్ చెయ్యి, తెలుగులోనే మాట్లాడతారు."

"ఆయన ఆస్పత్రికి రానంటాడన్నా."

"నేనొచ్చి మాట్లాడతా. రేపు పొద్దున పాలు పోసేసరికి ఏడవుద్ది. ఎనిమిదింటి పేట బస్సు దగ్గర ఉండమను. ఆస్పత్రి చీటీకి ఆధార్ కార్డు తెచ్చుకోమను. సాయంత్రం అయిదుకల్లా నేను ఇంట్లో ఉండాలి."