మహిళా బుర్రకథ దళాలు

కథకురాలు, పక్కన నిలబడి వంత పాడే ఇద్దరు వంతలు, ముగ్గురూ స్త్రీలే అయిన బుర్రకథ బృందాన్ని మహిళా బుర్రకథ దళం అంటారు. 1940లలో కమ్యూనిస్టు ఉద్యమంతో ముడిపడిన ప్రజానాట్యమండలి సభల్లో ఇవి రూపుదిద్దుకున్నాయి. తర్వాతి కాలంలో తిరునాళ్ళకు, గ్రామదేవతల సంబరాలకు, ఆకాశవాణికి, ప్రభుత్వ ప్రచార సభలకు విస్తరించాయి. తెలుగు రంగస్థలం మీద స్త్రీలు పాడడం, ఆడడం, నటించడం అంతకుముందే ఉంది. ఊరందరి ముందు నిలబడి కథ నడపడం, పెద్దమనుషుల మీద ఛలోక్తులు విసరడం, ప్రేక్షకుల్ని నిలదీయడం మాత్రం ఈ దళాలతోనే వారి చేతికి వచ్చింది. ఆ పని చేసేది ముఖ్యంగా హాస్యపు వంత. అందుకే మహిళా దళం చరిత్రలో కథకురాలికి ఎంత చోటుందో హాస్యగత్తెకూ అంత చోటుంది.

నేపథ్యం

బుర్రకథకు జంగం కథలు, శారద కథలు, తందాన కథలు పూర్వరూపాలు. జంగం కథకుడు కథ చెబుతుంటే అతని ఇంటి ఆడవాళ్ళు పక్కన నిలబడి గుమ్మెట వాయిస్తూ వంత పాడే పద్ధతి ఉండేది. అంటే ఈ కళలో స్త్రీ గొంతు కొత్తది కాదు. కథ చెప్పే అధికారం, మధ్యలో మాట విరిచే స్వేచ్ఛ మాత్రం మగవాడివే.

మిగతా రంగస్థలం మీద పరిస్థితి వేరు. కూచిపూడి భాగవతంలో ఆడవేషాలన్నీ మగవాళ్ళే కట్టేవారు. వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామ వేషానికి 1970లో పద్మశ్రీ పొందారు. పద్యనాటకంలో స్థానం నరసింహారావు స్త్రీపాత్రలతోనే ఆంధ్రదేశమంతా పేరు తెచ్చుకుని 1956లో పద్మశ్రీ అందుకున్నారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ప్రదర్శనతో మొదలైన సురభి సమాజాల్లో కుటుంబ స్త్రీలు వేషాలు కట్టారు. అయితే అది కుటుంబ నాటక సమాజం. స్త్రీలు మాత్రమే ఉండే బృందం కాదు.

తొలి దళం

భారతీయ ప్రజానాట్య సంఘం 1943లో బొంబాయిలో ఏర్పడింది. అదే కాలంలో గరికపాటి రాజారావు ముందుండి నడిపిన ప్రజానాట్యమండలి ఆంధ్రలో పని మొదలుపెట్టింది. పల్లెజనానికి తెలిసిన కళారూపాలన్నిటినీ మండలి చేతిలోకి తీసుకుంది. వాటిలో బుర్రకథ అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చింది. తెర అక్కర్లేదు, రంగాలంకరణ అక్కర్లేదు, ముగ్గురు మనుషులూ ఒక అరుగూ చాలు. సుంకర సత్యనారాయణ కష్టజీవి, అల్లూరి సీతారామరాజు వంటి బుర్రకథలు రాశారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ (1920–1997) పాత బాణీకి కొత్త నడకలు చేర్చి, దాన్ని వేలమందిని కూర్చోబెట్టే కళగా మార్చారు. 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఈ ఊపులోనే స్త్రీలతో ప్రత్యేక దళం వచ్చింది. తొలి మహిళా బుర్రకథ దళానికి నాయకురాలిగా మోటూరి ఉదయం (1924–2002) పేరు చెబుతారు. ఆమె మహిళా ఉద్యమంలోనూ చివరివరకూ ముఖ్య నాయకురాలు. మధ్యతరగతి రైతు కుటుంబాల ఆడవాళ్ళు నడుముకు కొంగు చుట్టి, కాళ్ళకు గజ్జె కట్టి సభల్లో నిలబడడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. ఆట, పాట అంటే కులవృత్తిగా చేసేవారి పని అన్న అభిప్రాయం బలంగా ఉన్న కాలమది.

ఆ తరం వేదిక జీవితం ఎలా ఉండేదో కొండపల్లి కోటేశ్వరమ్మ (1918–2018) ఆత్మకథ నిర్జన వారధి చదివితే తెలుస్తుంది. కృష్ణా జిల్లా పామర్రులో పుట్టి, బాల్యంలోనే వితంతువై, మళ్ళీ పెళ్ళి చేసుకుని కమ్యూనిస్టు ఉద్యమంలోకి వచ్చిన ఆమె ప్రజానాట్యమండలి వేదికల మీద పాడారు, నటించారు. చివరి సంవత్సరాలు విశాఖపట్నంలో మనుమరాలి దగ్గర గడిపి, నూరేళ్ళు నిండాక 2018 సెప్టెంబరులో అక్కడే కన్నుమూశారు.

1948 తర్వాత కమ్యూనిస్టు పార్టీపై నిర్బంధం పెరగడంతో మండలి దళాలు చెదిరిపోయాయి. కొందరు జైళ్ళకు, అజ్ఞాతవాసానికి వెళ్ళారు. కొందరు మద్రాసు సినిమా రంగానికి చేరారు. రాజారావు 1953లో పుట్టిల్లు సినిమా తీశారు. 1954లో వచ్చిన అగ్గిరాముడు సినిమాలో నాజర్ బుర్రకథ తెరకెక్కింది. మండలి తీర్చిదిద్దిన ముగ్గురు మనుషుల అమరిక మాత్రం పార్టీ పరిధి దాటి ఊళ్ళలో నిలిచిపోయింది.

దళ నిర్మాణం

కథకురాలు మధ్యలో నిలబడుతుంది. భుజాన తంబుర, కుడిచేతి వేళ్ళకు అందెలు, కాళ్ళకు గజ్జెలు. తంబుర మీటుతూ, అందెలు తాటిస్తూ, ముందుకు రెండడుగులు, వెనక్కి రెండడుగులు వేస్తూ కథ నడుపుతుంది. పద్యం, పాట, వచనం మూడూ ఆమెవే. రెండు పక్కలా వంతలు డక్కీలు వాయిస్తారు. ప్రతి చరణం చివరా తందాన అందుకుంటారు.

ఇద్దరు వంతల పనులు వేరు. ఒకరు రాజకీయ వంత. కథలోని సంగతిని నేటి పరిస్థితికి ముడిపెట్టి, రాజు పన్ను గురించి చెబుతుంటే ధరల మాట, కరువు గురించి చెబుతుంటే రేషను మాట ఎత్తుతుంది. రెండోది హాస్యపు వంత. ఆమె కథకురాలికి అడ్డు తగులుతుంది, అమాయకంగా ప్రశ్నలు వేస్తుంది, మాటను తప్పుగా అర్థం చేసుకుంటుంది, వీరరసం మరీ బరువెక్కినప్పుడు దాన్ని కిందికి దించుతుంది.

వేషధారణ దళానికొక తీరుగా ఉంటుంది. మండలి రోజుల్లో ఒకే రంగు చీరలు, బిగించి దోపిన కొంగులు కనిపించేవి. తర్వాత వచ్చిన వృత్తి దళాల్లో మెరుపు అంచుల చీరలు, నడికట్లు చేరాయి. కొన్ని దళాల కథకురాళ్ళు మగ కథకుల్లాగే అంగరఖా తొడిగి, తురాయి పెట్టిన తలపాగా చుడతారు.

హాస్యపు వంత పని

హాస్యం అంతా ముందే రాసుకున్నది కాదు. కథ పుస్తకంలో ఉన్న చమత్కారాలు కొన్ని ఉంటాయి. మిగతావి ఆ ఊరిని బట్టి, ముందు వరసలో కూర్చున్నవారిని బట్టి అక్కడికక్కడ పుడతాయి. దళం ఊళ్ళోకి రాగానే సంబరం పెద్ద ఎవరు, చందా ఎగ్గొట్టిందెవరు, కొళాయి ఎన్నాళ్ళుగా రావడం లేదు వంటి సంగతులు హాస్యగత్తె చెవిన వేసుకుంటుంది.

బొబ్బిలి యుద్ధం కథలో ఫ్రెంచి సేనాని బుస్సీ వచ్చే ఘట్టం ఉత్తరాంధ్ర పలుకుబడిలో ఇలా సాగవచ్చు.

కథకురాలు: “ఫిరంగులు కదిలాయి, గుర్రాలు సకిలించాయి, బుస్సీ దొర బొబ్బిలి కోట ముందుకొచ్చి నిలిచాడు!”

హాస్యపు వంత: “ఓలక్కా! అంత దూరం నుంచి ఎందుకొచ్చాడేటి? సుట్టపుసూపుకా?”

కథకురాలు: “కాదే పిచ్చిదానా, కోట పట్టుకోడానికి.”

హాస్యపు వంత: “కోట పట్టుకోడానికా! మా ఊరి పెసిడెంటుగారు పోరంబోకు పట్టుకున్నట్టా?”

ఈ మాట పడగానే అందరి చూపూ ముందు వరస మీదికి పోతుంది. మగ హాస్యగాడు అదే మాట అంటే తగాదాకి దారితీయవచ్చు. చీరకట్టులో ఉన్న మనిషి అమాయకంగా అంటే పెద్దమనిషి నవ్వి ఊరుకోవాల్సిందే. మహిళా దళం హాస్యానికి ఉన్న బలం ఇదే. అదే సమయంలో ద్వంద్వార్థాల కోసం కేకలు వేసే తాగుబోతు గుంపును కూడా ఆ హాస్యగత్తే అదుపు చేయాలి. పరువు పోకుండా, నవ్వు ఆగకుండా, కథ తెగకుండా ఆ గుంపు నోరు మూయించడం చాలా ఏళ్ళ అనుభవం మీద గానీ రాదు.

కథావస్తువులు

మహిళా దళాలకు విడిగా కథలు తక్కువ. మగ దళాలు చెప్పే పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలనే ఇవీ చెబుతాయి. ఎత్తుగడలో మాత్రం తేడా కనిపిస్తుంది. పల్నాటి కథలో కోడిపందెం పన్నిన నాయకురాలు నాగమ్మ, బొబ్బిలి కథలో 1757 జనవరి 24న కోటలో ఉన్న రాణి మల్లమ్మదేవి వంటి పాత్రలకు ఎక్కువ సమయం దక్కుతుంది. రాణివాసం దుఃఖం చెప్పేటప్పుడు హాస్యపు వంత కూడా నవ్వు మానేసి రాగం అందుకుంటుంది. జనం కళ్ళు తుడుచుకునేది అక్కడే.

అల్లూరి కథ విశాఖ మన్యానిది. పాండ్రంగిలో 1897లో పుట్టిన సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషనుపై దాడితో పోరాటం మొదలుపెట్టి, 1924 మే 7న బలయ్యాడు. ఈ కథలో పోలీసు అధికారుల మీద హాస్యపు వంత విసుర్లు ఎప్పుడూ జనానికి నచ్చేవే.

స్వాతంత్ర్యం తర్వాత ప్రభుత్వం కూడా బుర్రకథను ప్రచారానికి వాడుకుంది. 1954లో ఏర్పడిన కేంద్ర సంగీత, నాటక విభాగం, రాష్ట్ర సమాచార శాఖలు కుటుంబ నియంత్రణ, టీకాలు, పొదుపు, ఎయిడ్స్ వంటి విషయాలపై కథలు చెప్పించాయి. కుటుంబ నియంత్రణ గురించి మగ దళం చెబితే ఆడవాళ్ళు తల దించుకుని లేచిపోయేవారు. మహిళా దళమైతే కూర్చుని విని, నవ్వి, ప్రశ్నలూ అడిగేవారు. 1990లలో అక్షరాస్యత ఉద్యమపు కళాజాతాల్లోనూ, సారా వ్యతిరేక పోరాటంలోనూ ఈ శైలిని ఆడవాళ్ళు వాడుకున్నారు. సారా నిషేధం 1993 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది.

ఉత్తరాంధ్రలో

విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో బుర్రకథకు పోటీగా, తోడుగా జముకుల కథ, తూర్పు భాగవతం, తప్పెటగుళ్ళు ఉన్నాయి. జముకుల కథను శ్రీకాకుళం గిరిజన రైతాంగ ఉద్యమకాలంలో సుబ్బారావు పాణిగ్రాహి రాజకీయ ప్రచారానికి మలిచారు. ఇన్ని కథాగాన పద్ధతులున్న చోట బుర్రకథ కూడా స్థానిక పలుకుబడిని, దరువులను కలుపుకుంది.

ఈ ప్రాంతంలో బుర్రకథ చెప్పిన స్త్రీలలో గరివిడి లక్ష్మి పేరు ముందు వస్తుంది. విజయనగరం జిల్లా గరివిడి పేరుతో ప్రసిద్ధికెక్కిన ఈ కళాకారిణి కథలతో పాటు జానపద గీతాలతోనూ ఊరూరా పేరు తెచ్చుకున్నారు. ఆమె జీవితం ఆధారంగా ఆనంది ప్రధాన పాత్రలో సినిమా నిర్మాణం మొదలైంది. బుర్రకథ చెప్పే స్త్రీ తెలుగు సినిమాకు కథానాయిక కావడం అరుదు.

దళాలకు పని దొరికే చోట్లు ముఖ్యంగా గ్రామదేవతల పండగలు. విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం, అనకాపల్లిలో కొత్త అమావాస్య నాటి నూకాలమ్మ జాతర వంటివి పెద్దవి. విశాఖ నగరంలో సీతమ్మధార, మద్దిలపాలెం వంటి నివాస ప్రాంతాల్లో వినాయక చవితి, దసరా పందిళ్ళు కార్యక్రమాలకు వేదికలు. 1963లో మొదలైన ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం కూడా ప్రాంతీయ జానపద కళలకు ఆసరా అయింది. రేడియోలో ఆహార్యం, అడుగులు కనిపించవు కాబట్టి హాస్యపు వంత గొంతు మార్పుల మీదే ఆధారపడాలి.

పోల్చదగిన సంప్రదాయాలు

ఛత్తీస్‌గఢ్ పాండవానిలో తీజన్ బాయి, స్త్రీలు కూర్చుని పాడే పద్ధతిని కాదని, మగవాళ్ళదిగా భావించిన కాపాలిక శైలిలో నిలబడి తంబురనే గదగా, విల్లుగా తిప్పుతూ భారతం చెప్పారు. 2019లో ఆమెకు పద్మవిభూషణ్ వచ్చింది. జపాన్‌లో 1914లో ప్రదర్శనలు మొదలుపెట్టిన తకరజుకా సంస్థలో మగపాత్రలన్నీ స్త్రీలే ధరిస్తారు.

అమెరికాలో రినైజాన్స్ ఫెయిర్ అనే జాతరలున్నాయి. ఫిలిస్, రాన్ ప్యాటర్సన్ దంపతులు 1963లో లాస్ ఏంజెలెస్‌లో మొదటిది నిర్వహించారు. పదహారో శతాబ్దపు ఇంగ్లండు ఊరి సంతను వేషభాషలతో సహా నిలబెట్టడం అక్కడి వేడుక. ఆ సంతల్లో పూర్తిగా స్త్రీలే ఉండే, సముద్రపు దొంగల వేషం కట్టే హాస్య బృందాలు కూడా ఆడుతుంటాయి. కత్తులు తిప్పుతూ, పాటలు పాడుతూ, చూసేవాళ్ళను ఆటపట్టిస్తూ, చివర్లో టోపీ పట్టి డబ్బు అడుగుతారు. ఈ వేషానికి చరిత్రలో ఆధారం లేకపోలేదు. ఆన్ బానీ, మేరీ రీడ్ అనే స్త్రీలు సముద్రపు దొంగలుగా 1720లో జమైకాలో విచారణకు నిలబడ్డారు. అయితే వారు ఆ సంతల్లో చూపే కాలానికి నూరేళ్ళకు పైగా తర్వాతివారు. పైగా ఆ సంతల్లో చూపే కాలంలో ఇంగ్లండు బహిరంగ నాటకశాలల్లో ఆడపాత్రలన్నీ కుర్రాళ్ళే వేసేవారు; స్త్రీలు వృత్తిగా వేదిక ఎక్కింది 1660లో. తమను రానివ్వని రంగస్థలం మీదికి మగవేషంతో వెళ్ళి నవ్వించడంలో ఈ బృందాలకూ తలపాగా చుట్టిన బుర్రకథకురాలికీ పోలిక ఉంది. తేడా ఏమిటంటే అక్కడ వినోదం ముందు, వేషం దానికి తోడు. ఇక్కడ కథ ముందు, హాస్యం దాన్ని మోసే భుజం.

ప్రస్తుత స్థితి

టీవీ హాస్య కార్యక్రమాలు, రికార్డింగ్ డాన్సులు, ఆర్కెస్ట్రాలు పండగల్లో బుర్రకథ చోటును చాలావరకు ఆక్రమించాయి. రాత్రంతా సాగే కథ రెండు గంటలకు, ప్రభుత్వ సభల్లో అరగంటకు కుదించుకుపోయింది. కుదింపులో మొదట కోత పడేది హాస్యానికే. పథకం వివరాలు చెప్పడానికి సమయం కావాలి, అధికారి ముందు అధికారి మీద ఛలోక్తి కుదరదు.

శిక్షణ ఎక్కువగా దళంలోనే జరుగుతుంది. చిన్నపిల్ల మొదట డక్కీ పట్టి వంతగా నిలబడుతుంది, తందాన కలుపుతూ కథలు నోటికి తెచ్చుకుంటుంది, గొంతు నిలబడ్డాక తంబుర ఎత్తుకుంటుంది. హరికథకు తూర్పుగోదావరి కపిలేశ్వరపురంలో సర్వారాయ పాఠశాల వంటి గురుకులం ఉంది. బుర్రకథ పాట, పద్యం, అడుగులను కూడా అలా పాఠం పెట్టి నేర్పవచ్చు. హాస్యపు వంతను మాత్రం జనం మధ్య నిలబెట్టి తప్ప తయారుచేయలేరు. కాబట్టి దళాలకు ఊళ్ళ పిలుపులు తగ్గినకొద్దీ మొదట కరువయ్యేది హాస్యగత్తెలే.