బంజరు: నేల మాటా, ఖజానా మాటా?
మొక్కలు నాటే కార్యక్రమం ఎక్కడ ప్రకటించినా ‘బంజరును పచ్చగా మారుస్తాం’ అనే హామీ వెంట వస్తుంది; అందులో బంజరంటే ప్రాణం లేని నేల అన్న అర్థం స్థిరపడిపోయింది. నిజానికి హిందుస్తానీ ‘బంజర్’ మనకు రెవెన్యూ దస్త్రాల దారిన వచ్చింది, ఆ దస్త్రాలకు కావలసింది సాగు, శిస్తు మాత్రమే. దాని తోబుట్టువు పోరంబోకు తమిళ ‘పుఱంపోక్కు’, అంటే లెక్కకు వెలుపలిది. రెండూ ఖజానా చూపుతో పుట్టిన మాటలే. మన ‘బీడు’ అలా కాదు. దున్నకపోయినా పశువులు మేసే చోటది. నంద్యాల జిల్లా రోళ్లపాడు గడ్డినేలను చూడండి: కృష్ణజింకలకు, తోడేళ్లకు అది నెలవు, బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ అభయారణ్యం ఏర్పడింది. ఆ పక్షి కటిక నేల మీదే గుడ్డు పెడుతుంది. శత్రువును దూరం నుంచే పసిగట్టనిచ్చే బయలే దానికి రక్ష, చెట్లు గుబురుగా పెరిగితే ఆ రక్ష పోతుంది. మరి నిజంగా చెడిన నేలలు లేవా అంటే, ఉన్నాయి. ఉప్పు పేరిన నేలకు ‘చౌడు’ అనే కచ్చితమైన పేరుంది, దాన్ని బాగుచేయాల్సిందే. చౌడునూ గడ్డినేలనూ ఒకే గాటన కట్టడం దగ్గరే నా అభ్యంతరం. 2000లో వెలువడిన భారత బంజరు భూముల అట్లాస్ పొదలున్న నేలలను సైతం అదే జాబితాలో చేర్చింది. అలాంటి చోట నీలగిరి తోపులు వేస్తే ఎండ కోరే గడ్డి నీడలో నశిస్తుంది, జింకకూ గొర్రెకూ మేత కరువవుతుంది.