నేల చల్లబడితే చాలు

బ్యాంకాక్ సువర్ణభూమి విమానాశ్రయం ఉన్న చోట ఒకప్పుడు చిత్తడి నేల ఉండేది. నాగుపాముల మడుగు అనేవారు దాన్ని. అక్కడ టెర్మినల్ కట్టే డిజైన్ పోటీలో 1990ల మధ్య షికాగో ఆర్కిటెక్ట్ హెల్ముట్ యాన్ బృందం గెలిచింది. గాజు, ఉక్కు, పగటి వెలుగు అంటే యాన్‌కు ప్రాణం. బ్యాంకాక్‌లోనేమో ఏడాది పొడవునా ఎండ, ఉక్కపోత. అంత ఎత్తయిన గాజు హాళ్లను పైకప్పు దాకా ఏసీతో చల్లబరచాలంటే కరెంటు ఎంత తాగుతుందో చెప్పనక్కర్లేదు.

ఆ చిక్కు విప్పే పని జర్మనీలోని స్టుట్‌గార్ట్‌కు చెందిన ట్రాన్స్‌సోలార్ సంస్థకూ, దాన్ని స్థాపించిన ఇంజనీరు మథియాస్ షూలర్‌కూ వచ్చింది. వాళ్లు పట్టుకున్న సూత్రం చాలా సులువైనది. మనుషులు తిరిగేది నేల నుంచి రెండు మీటర్ల ఎత్తులోపే. ఆ పైన ఉన్న గాలి వేడిగా ఉంటే మాత్రం ఎవరికి నష్టం?

అందుకే నేలలోనే గొట్టాలు పరిచి చల్లటి నీళ్లు పారించారు. ఎండాకాలం మధ్యాహ్నం బండల మీద చాప లేకుండా పడుకున్నవాళ్లకు ఈ సుఖం తెలుసు: గాలి వేడిగానే ఉన్నా ఒంట్లో వేడిని నేల లాగేసుకుంటుంది. దానికి తోడు చల్లగాలిని కింది మట్టంలోనే మెల్లగా వదిలారు. చల్లగాలి బరువు కాబట్టి నేలనంటుకునే పరుచుకుంటుంది, వేడిగాలి పైకి పోయి కప్పు కింద నిలుస్తుంది.

చెప్పినంత తేలిక కాదు. ఉక్కగాలి చల్లటి నేలకు తగిలితే నీరు పడుతుంది, ప్రయాణికులు జారి పడతారు. కాబట్టి లోపలికి పంపే గాలిలోని తేమను ముందే తీసేయాల్సి వచ్చింది. ఇంకో చిక్కు పైకప్పుది. ఎండకు కాగిన కప్పు నెత్తి మీద సెగ కొడుతుంటే కింద నేల ఎంత చల్లగా ఉన్నా ఏం లాభం?

ఈ కట్టడంలో నాకు అన్నిటికంటే గొప్పగా కనిపించేది దీనికి వాళ్లు కనిపెట్టిన జవాబు. విమానాలెక్కే పొడవాటి హాళ్ల మీద మూడు పొరల కప్పు వేశారు. పై పొర టెఫ్లాన్ పూసిన గాజునార బట్ట, వానకూ ఎండకూ కాపు. గుడ్డ ఒక్కటే విమానాల రొదను ఆపలేదు కనుక మధ్యలో పాలికార్బనేట్ పలకలు బిగించారు. లోపలి పొరకు కిందివైపు అల్యూమినియం పూత ఉంది. ఆ పూత కప్పు వేడిని కిందికి వెదజల్లదు. పైగా చల్లటి నేలకు అద్దం పట్టినట్టు పనిచేస్తుంది. తలెత్తితే తెల్లటి మెత్తని వెలుగు కనిపిస్తుంది కానీ మాడు మీద సెగ తగలదు.

చల్లటి నీళ్లు వచ్చే దారి కూడా ఆలోచనతో చేసిందే. ఆవరణలోని సహజవాయువు విద్యుత్ కేంద్రంలో వృథాగా పోయే వేడితో ఆవిరి పుట్టించి, ఆ ఆవిరితోనే నీటిని చల్లబరుస్తారు.

1997 ఆర్థిక సంక్షోభం వల్ల పనులు వెనకబడ్డాయి. చివరికి 2006 సెప్టెంబరు 28న విమానాశ్రయం పూర్తిస్థాయిలో తెరుచుకుంది.

మన కోస్తా ఊళ్లదీ ఇదే ఉక్కపోత. అయినా గాజు గోడలు లేపి, ఆ తర్వాత ఎన్ని టన్నుల ఏసీ కావాలో లెక్కవేయడం మనకు అలవాటైపోయింది. బస్టాండు కట్టినా, ఆసుపత్రి కట్టినా, ఏసీల టెండరు పిలిచే ముందు మనుషులు ఎక్కడ కూర్చుంటారో, ఎక్కడ నిలబడతారో చూడండి. చల్లదనం అక్కడికి అందితే చాలు.