స్ట్రింగు కాపీ (సి భాష)

సి ప్రోగ్రామింగు భాషలో ఒక అక్షరమాలను మెమొరీలో ఒక చోటు నుండి మరొక చోటికి నకలు చేయడాన్ని '''స్ట్రింగు కాపీ''' అంటారు. ఇందుకు ప్రామాణిక లైబ్రరీలో ఉన్న ఫంక్షను పేరును ఎస్, టి, ఆర్, సి, పి, వై అని వ్రాసి "స్ట్రింగ్ కాపీ" అని చదువుతారు. సి భాషను 1970ల తొలినాళ్ళలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ రూపొందించాడు.

== పనిచేయు విధానం ==

సి భాషలో స్ట్రింగు అంటే బైట్ల వరుస మాత్రమే. దాని పొడవు విడిగా నమోదై ఉండదు. సున్నా విలువ గల బైటు వచ్చిన చోట స్ట్రింగు ముగిసినట్లు లెక్క. ఈ ఫంక్షను మూలం నుండి బైట్లను వరుసగా గమ్యంలో వ్రాస్తూ పోయి, చివరి సున్నాను కూడా వ్రాసి ఆగుతుంది. గమ్యంలో చోటు ఎంత ఉన్నదో దానికి తెలియదు. చోటు చాలకపోతే పక్కనున్న సమాచారంపై వ్రాసేస్తుంది. దీనినే బఫర్ ఓవర్‌ఫ్లో అంటారు. దీనివలన ప్రోగ్రాము అర్ధాంతరంగా ఆగిపోవచ్చు, లేదా దాడి చేసేవారికి దారి దొరకవచ్చు.

== తెలుగు పదాల నకలు ==

వైఎస్ఆర్ కడప జిల్లాలోని '''వేంపల్లె''' పేరును ఉదాహరణగా తీసుకోవచ్చు. ఇంగ్లీషులో ఈ పేరుకు 8 అక్షరాలు. చివరి సున్నాతో కలిపి 9 బైట్లు చాలు. తెలుగులో కంటికి కనబడేవి వేం, ప, ల్లె అనే మూడే అక్షరాలు. యూనీకోడులో మాత్రం అవి వ, ఏత్వం, అనుస్వారం, ప, ల, పొల్లు, ల, ఎత్వం అనే 8 సంకేతాలు. యుటిఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు. కనుక మొత్తం 24, చివరి సున్నాతో 25 బైట్లు కావాలి. 20 బైట్ల చోటులోకి ఈ పేరును నకలు చేస్తే 5 బైట్లు హద్దు దాటుతాయి.

తెలుగు సంకేతాల బైట్లలో సున్నా ఎక్కడా రాదు. అందువలన చోటు చాలినంత ఉంటే పాత ఫంక్షనే తెలుగును కూడా సరిగా నకలు చేస్తుంది.

== ప్రత్యామ్నాయాలు ==

* '''స్ట్రింగ్ ఎన్ కాపీ:''' ఇచ్చిన పరిమితిని దాటదు. అయితే ఆ పరిమితిలోపు మూలం ముగియకపోతే చివర సున్నా పెట్టదు.
* '''స్ట్రింగ్ ఎల్ కాపీ:''' 1998లో ఓపెన్‌బిఎస్‌డిలో ప్రవేశపెట్టారు. చోటు చాలకపోయినా, ఉన్నంతలో చివర సున్నా తప్పక పెడుతుంది. 2023లో గ్నూ సి లైబ్రరీలో కూడా చేరింది.

రెండవది హద్దును కాపాడుతుంది గాని అక్షరాన్ని కాపాడదు. పై ఉదాహరణలో 20 బైట్ల చోటు ఇస్తే "వేంపల్" అనే 18 బైట్లు, తరువాతి "ల"లోని మొదటి బైటు మాత్రమే మిగులుతాయి. ఊరి పేరు తెగిపోవడమే కాక, చివర అర్థంలేని గుర్తు కనిపిస్తుంది. కాబట్టి చోటును అక్షరాల లెక్కన గాక బైట్ల లెక్కన కేటాయించి, సున్నా కోసం ఒకటి అదనంగా ఉంచాలి. కత్తిరించక తప్పనప్పుడు పూర్తి సంకేతం ముగిసిన చోటనే కత్తిరించాలి.