బాయ్‌కాట్: ఒక ఏజెంటు ఇంటిపేరు

ధర్నాలు, సమ్మెల వార్తల్లో కనిపించే ‘బాయ్‌కాట్’ నిజానికి ఓ మనిషి ఇంటిపేరు. ఐర్లండ్‌లోని మేయోలో లార్డ్ ఎర్న్ భూములకు చార్లెస్ బాయ్‌కాట్ ఏజెంటు. 1880లో కౌలు తగ్గించమన్న రైతులను ఖాళీ చేయించబోతే, ఊరంతా కలిసి ఆయన్ని వెలేసింది. పనివాళ్లు మానేశారు. దుకాణాల్లో సరుకు పుట్టలేదు. చివరికి పంట తీయడానికి ఉత్తరాది నుంచి 50 మంది ఆరెంజ్‌మెన్ (ప్రొటెస్టెంట్ సంఘం సభ్యులు) దిగారు, వాళ్లకు కాపలాగా దాదాపు 1,000 మంది సైనికులు! పంట విలువకు ఎన్నో రెట్లు కాపలాకే పోయింది. పంతం అంటే అదే మరి.

ఈ శిక్షకు ఆ పేరు పెట్టింది స్థానిక క్యాథలిక్ ఫాదర్ జాన్ ఓమాలీ అని అమెరికన్ విలేఖరి జేమ్స్ రెడ్‌పాత్ రాశాడు. ‘ఆస్ట్రసిజం’ (వెలివేత) అంటే రైతులకు అర్థం కాదని రెడ్‌పాత్ బెంగట. ఏజెంటు పేరైతే అందరికీ తెలిసిందే!