దేవిడీ నుంచి ఫ్లాటు దాకా

హైదరాబాద్ పాతబస్తీలో ఇల్లు కొనాలని ఎవరైనా నన్ను సలహా అడిగితే ముందు దేవిడీల సంగతే చెబుతాను. హుస్సేనీ ఆలంలో నిజాం కొలువులోని పాయిగా వంశీకుల ఖుర్షీద్ జా దేవిడీని చూడండి. ఎత్తయిన ఆ యూరప్ తరహా స్తంభాల వెనక ఒకప్పుడు ఉన్నది ఒక్క సంసారం కాదు, పెద్ద పరివారం. దేవిడీ అంటేనే మగవాళ్లకు మర్దానా, ఆడవాళ్లకు జనానా, నడుమ ఆకాశం కనబడే వాకిలి. నౌకర్లు, గుర్రాలు, దూరపు చుట్టాలు అంతా ప్రహరీ లోపలే.

మామూలు జనం గురించి నిజాం సర్కారు ఆలోచించింది 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద తర్వాతే. వేలమంది పోయారు. ఆపైన ప్లేగు వచ్చింది. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు వాడలు తీసేసి, గాలీ వెలుతురూ తగిలే ఇళ్లు వరసగా కట్టింది. గోడా గోడా కలిసినా ఎవరి గడప వాళ్లదే. ఈనాటి టౌన్‌హౌస్‌లకు మన ఊళ్లో పెద్దన్నలు ఆ వరస ఇళ్లే.

1949లో జాగీర్లు రద్దయ్యాక దేవిడీలు పోషించే స్తోమత చాలామందికి పోయింది. నిజాంల దగ్గర దివాన్లుగా చేసిన సాలార్‌జంగ్‌ల దివాన్ దేవిడీలో 1951లో తెరిచిన మ్యూజియం 1968లో కొత్త భవనానికి తరలింది. ఇప్పుడా పాత దేవిడీకి దర్వాజాలే మిగిలాయి, చుట్టూ దుకాణాలు. ఆ నష్టం నాకు ఇప్పటికీ బాధే.

తర్వాత 1987 అపార్ట్‌మెంట్ల చట్టం ఫ్లాటు యాజమాన్యానికి దారి వేసింది. మా శాలిబండలో మాత్రం అన్నదమ్ములు తాతల వాకిలి మీదే అంతస్తుకొకరుగా కట్టుకుంటున్నారు. నేనైతే కాస్త వాకిలి వదిలి కట్టమంటాను.