రాజకాలువ నీళ్ళు ఎక్కణ్ణించి వస్తాయి?

గోదావరి జిల్లాలవాళ్ళకి కాలువంటే నదిలోంచి వచ్చేది. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నది మట్టాన్ని పైకెత్తింది, అక్కణ్ణించి నీళ్ళు పల్లానికి వాటంతటవే పారాయి. బెంగళూరుకి అలాంటి నది లేదు. ఊరు మిట్ట మీద ఉంది, వానే ఆధారం. అందుకని ఇక్కడి కాలువల లెక్క వేరు.

బడిలో మేం నేర్చుకున్నవి కెరె, తూబు, కోడి. ఇంట్లో పెద్దవాళ్ళు చెరువు, తూము, మరవ అనేవాళ్ళు. (కోస్తా వాళ్ళయితే మరవని అలుగు అంటారు.) పేర్లు ఏవైనా పని ఒకటే. వాన నీళ్ళు వంకల్లోంచి చెరువులోకి చేరతాయి. తూము తెరిస్తే పిల్లకాలువల్లో మడులకు పోతాయి. చెరువు నిండితే మిగిలింది మరవ దాటి రాజకాలువలో పడుతుంది. పై చెరువుకి మిగులు కాలువ ఏదో, కింది చెరువుని నింపే కాలువా అదే. బెళ్ళందూరు నిండితే వర్తూరుకి, అక్కణ్ణించి దక్షిణ పినాకినికి. మా టెస్టింగ్ పనిలో కూడా ఇంతే, విడివిడిగా అన్నీ బాగానే ఉంటాయి, తప్పు దొరికేది కలిపే చోట.

తూము తెరిచేది నీరుగంటి. ఎవరి మడికి ఎంతసేపు అన్నది అతని చేతిలో ఉండేది. కోత అయ్యాక ధాన్యం కొలిచి ఇచ్చేవాళ్ళు. కోలారు వైపు చాలా ఊళ్ళల్లో ఈ పని దళిత కుటుంబాలదే. చెరువుల గురించి రాసేవాళ్ళు కట్టించిన రాజుల పేర్లు చెప్తారు గానీ వీళ్ళని మర్చిపోతారు, అది నాకు నచ్చదు.

బెంగళూరులో మడులు పోయాయి, తూములు పనికిరాకుండా పోయాయి. ధర్మాంబుధి చెరువు మెజెస్టిక్ బస్టాండు అయింది, సంపంగి చెరువు కంఠీరవ స్టేడియం అయింది. నీళ్ళకి మాత్రం పాత దారే గుర్తు. 2022 సెప్టెంబరులో అవుటర్ రింగ్ రోడ్డు పక్క ఆఫీసులవాళ్ళు ట్రాక్టర్లెక్కి పనికి పోయారు.

ఇప్పుడింకో కాలువ వచ్చింది, ఇది పైపుల్లో, పంపులతో. కేసీ వ్యాలీ పథకం కింద 2018 నుంచి బెంగళూరు మురుగుని రెండో దశ దాకా శుద్ధి చేసి కోలారు చెరువులకి ఎక్కిస్తున్నారు. మొదట చేరింది లక్ష్మీసాగర చెరువుకి. ఆ ఏడాదే అక్కడ నురుగు కనిపించింది, హైకోర్టు కొన్నాళ్ళు ఆపించింది, మళ్ళీ మొదలయింది. ఆ నీళ్ళు బోర్లల్లో ఊట పెరగడానికేగానీ నేరుగా మడికి పారించడానికి కాదు. ఎండిపోయిన బోర్లల్లో నీళ్ళు పైకొచ్చాయని సంతోషపడే రైతులూ ఉన్నారు, మూడో దశ శుద్ధి చేసి పంపండి అని అడిగే రైతులూ ఉన్నారు. మన చుట్టాల్లోనే రెండు రకాలవాళ్ళూ ఉంటారు, పండక్కి పోయినప్పుడు అడిగి చూడండి.